సలోమి పిడికెడు

"రాహేలమ్మ విశ్వాసంలో చల్లబడిపోయిందమ్మా," అన్నాడు ఆశీర్వాదం. "నేను ప్రసంగం చేసిన రోజు నుంచీ చర్చి గడప తొక్కలేదు. ఏం చెయ్యమంటారు?"

తబితమ్మగారు అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు, తల ఎత్తలేదు.

ఆవిడ మా రేవుపాలెం బైబిలమ్మ. అంటే ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పి, జ్వరమొస్తే పక్కన కూర్చుని, పురుడొస్తే నీళ్ళు కాచే మనిషి. జలప్రళయానికి కాస్త ముందు పుట్టి ఉంటుందని మా అందరి నమ్మకం. పాలెంలో పుట్టిన ప్రతి పిల్లా ముందు ఆవిడ చేతుల్లో పడి తర్వాతే నేల మీద పడింది. మనిషి కూడా భారీగానే ఉండేది. ఆవిడ పడవ ఎక్కితే అవతలి కొస గాల్లోకి లేచేది.

ఆశీర్వాదం బైబిలు స్కూల్లో చదువు ముగించుకుని వచ్చాడు. ఆవిడ దగ్గర ఏడాదిపాటు పని నేర్చుకోమని సంఘంవాళ్ళు పంపారు. చర్చి వెనక గదిలో పడక, తబితమ్మగారింట్లో భోజనం. మనిషి చీపురు పుల్ల. గొంతు మాత్రం ఆ చీపురు పుల్లలోకి ఎవరు దూర్చారో తెలియదు. ఆయన "ప్రియులారా" అంటే కాలవ అవతల పడుకున్న గేదెలు లేచి నిలబడేవి.

మా ఇంటికీ తబితమ్మగారింటికీ మధ్య తాటాకు దడి. ఆ దడికి సరిగ్గా నా చెవి పట్టేంత కంత. దాన్ని ఎలకలు చేశాయని అందరికీ చెప్పాను. అందుకే ఇదంతా నాకు తెలుసు.

"ఏం ప్రసంగం చేశావు నాయనా?" అంది తబితమ్మగారు.

ఆ ఆదివారం ఆవిడ ఊళ్ళో లేదు. కంటి ఆపరేషన్‌కి గుంటూరు వెళ్ళి, సైకిలు చక్రాలంత నల్లద్దాలు పెట్టుకుని మొన్ననే తిరిగొచ్చింది. కానీ ఏం ప్రసంగమో ఆవిడకి తెలుసు. బస్సు దిగి ఇల్లు చేరేలోపు పాలెం మొత్తం చెప్పేసింది. అయినా అడిగింది.

ఆశీర్వాదం మొహం వెలిగింది.

"'నీ బదులు ఒకరు చనిపోయారు' అన్న అంశమమ్మా. సిలువ గురించి. స్కూల్లో అందరిలోకీ మంచి ప్రసంగమని మెచ్చుకున్నారు. ఏ ఊరు వెళ్ళినా అదే చెప్తాను. చివర్లో ఎవరో ఒకరిని లేపి సాక్ష్యం చెప్పిస్తాను."

"ఇక్కడ ఎవర్ని లేపావు?"

"రాహేలమ్మనే. మొన్నీమధ్యే కూతురు పిడుగు పడి పోయిందన్నారుగా, ఓదార్పుగా ఉంటుందని. ఆమె వైపు వేలు చూపించి, 'అమ్మా, నీ బదులు ఒకరు ప్రాణం పెట్టారు. నీకు సంతోషంగా లేదా? లేచి స్తోత్రం చెప్పు' అన్నాను."

"చెప్పిందా?"

"లేచింది. నోరు తెరిచింది. మాట రాలేదు. కూర్చుంది. అమ్మా, చర్చంతా ఏడ్చారు! నేను ఎక్కడ చెప్పినా ఇంతగా ఎవరూ ఏడవలేదు."

ఏడ్చిన మాట నిజమే. నేనూ అక్కడే ఉన్నాను. ఇది చెప్పేటప్పుడు మాత్రం నేను ఒక్క గింజ కూడా కలపను. ఆయన ఆ మాట అనగానే చర్చిలో పసిపిల్లలు కూడా కదల్లేదు. రాహేలమ్మ నిలబడి ఆయన్నే చూసింది. పెదాలు కదిలాయి. తర్వాత, ఎవరో భుజాల మీద చెయ్యి వేసి నొక్కినట్టు, మెల్లగా కూర్చుంది.

మా పాలెంలో అయ్యగార్లని తప్పుపట్టే అలవాటు లేదు. "మంచి వాక్యం చెప్పారయ్యా" అని ఆయన చేతిలో అరటిపళ్ళు పెట్టి, తలలు వంచుకుని ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు.

"వాక్యంలో ఉన్నదే చెప్పాను కదమ్మా. అందులో తప్పేముంది?" అన్నాడు ఆశీర్వాదం.

"ఉంది నాయనా. వాక్యంలో ఉంది," అంది తబితమ్మగారు. చేటని ఒకసారి ఎగరేసింది. ఊక గాల్లోకి లేచి ఆయన తెల్లచొక్కా మీద వాలింది.

"మళ్ళీ వెళ్ళి గట్టిగా బోధించమంటారా?"

"రేపు శనివారం. జోలె పట్టుకుని బియ్యానికి నువ్వు పో."

ఈ బియ్యం సంగతి చెప్పాలి. మా పాలెంలో ఎసట్లో బియ్యం పోసేముందు, ఇంట్లో ఎన్ని నోళ్ళుంటే అన్ని పిడికిళ్ళు తీసి పొయ్యి పక్కన చిన్న కుండలో వేస్తారు. భర్త పేరున ఒకటి, పిల్లల పేరున ఒక్కోటి, అత్త ఎంత సతాయించేదైనా అత్త పేరునా ఒకటి. శనివారం నాడు బైబిలమ్మ జోలె తీసుకుని వస్తే ఆ కుండ అందులో వంచుతారు. ఆ బియ్యంతోనే ఆవిడ తింటుంది, ఆవిడ దగ్గరున్నవాళ్ళు తింటారు, దారినపోయేవాళ్ళు తింటారు.

ఆశీర్వాదం మొహం చిన్నబోయింది. "అది ఆడవాళ్ళు చేసే పని కదమ్మా."

"నాకు కళ్ళు కనబడవు. ఎవరి గడపో తగిలి పడితే నన్ను నువ్వు మోస్తావా?"

ఆయన ఆవిడని కిందినుంచి పైదాకా చూశాడు. "వెళ్తానమ్మా," అన్నాడు.

"ఒక్కటి. ఎక్కడా వాక్యం చెప్పకు. ప్రార్థన కూడా చెయ్యకు. పోసింది పట్టు. అరుగు మీద కాసేపు కూర్చో. లేచి రా."

"ఊరికే కూర్చుని ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదు. నీకు చేతనవుతుందో లేదో చూద్దాం."

మర్నాడు ఆయన జోలె భుజానికి వేసుకుని బయలుదేరాడు. ఆ జోలెని అందరికీ కనబడకుండా చంకలో దాచుకోబోయాడు గానీ, అది మా పాలెంలో సగం పట్టేంత పెద్దది, దాగలేదు. మా ఇంటికీ వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. ఎవరో నోట్లో గుడ్డ కుక్కినట్టు ఊపిరి బిగబట్టి, కాళ్ళు ఊపుతూ, ఆకాశం చూస్తూ, నేల చూస్తూ. నేను కావాలనే కుండ తేవడానికి అరపూట ఆలస్యం చేశాను.

"ప్రార్థన చెయ్యరా అయ్యగారూ?" అన్నాను.

"తబితమ్మగారు వద్దన్నారు," అన్నాడు, బడిలో దెబ్బలు తిన్న పిల్లాడిలా.

రాహేలమ్మ ఇల్లు పాలెం చివర, కాలవ గట్టున. అక్కడ జరిగింది నేను కంతలోంచి విన్నది కాదు. చాలా ఏళ్ళ తర్వాత ఆశీర్వాదమే నాకు చెప్పాడు. చెప్తూ మధ్యలో ఆగాడు, ఆ ఆగిన చోట్లు కూడా నాకు గుర్తే.

ఆయన వెళ్ళేసరికి ఆమె పొయ్యి ముందు ఉంది. ఎసరు మరుగుతోంది. ఆయన్ని చూసి లేవబోయింది. వద్దన్నాడు. పీట వాల్చింది. కూర్చున్నాడు.

మామూలుగా అయితే ఆయన ఆ పాటికి ప్రసంగం సగానికి తెచ్చేవాడు.

ఆమె బియ్యం చేటలోంచి ఒక పిడికెడు తీసి చిన్న కుండలో వేసింది. మళ్ళీ చెయ్యి పెట్టి ఇంకో పిడికెడు తీసింది. తీసి, వేళ్ళు కొంచెం వదులు చేసి కొన్ని గింజలు వెనక్కి రాలనిచ్చింది. పిడికిలి చిన్నదయ్యాక దాన్ని కూడా కుండలో వేసింది.

"ఒక్కరే కదమ్మా ఉంటున్నారు," అన్నాడు ఆశీర్వాదం. "రెండో పిడికెడు ఎవరిది?"

"సలోమిది."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"దాని చెయ్యి చిన్నది," అంది ఆమె.

ఆయనకి లేచి పోవాలనిపించిందట. కానీ కాసేపు కూర్చోమన్నారు కదా. కూర్చున్నాడు.

"ఆ రోజు నాట్లకి పోవాల్సింది నేనయ్యా," అంది రాహేలమ్మ, మంట సర్దుతూ. "జ్వరంతో లేవలేకపోయాను. మా నాట్ల ముఠాలో ఒకరు రాకపోతే ఆ ఇంటినుంచి బదులు మనిషి పోవాలి. పోకపోతే ఆ ఏడాదికి మన చోటు పోయినట్టే. 'నువ్వు పడుకో అమ్మా, నీ బదులు నేను పోతాలే' అంది. తల దువ్వుకుని పోయింది."

ఆమె ఎసట్లో బియ్యం పోసింది.

"మంచం మీంచి నాకు మబ్బు కనబడుతూనే ఉందయ్యా. దక్షిణం వైపు నల్లగా లేచింది. వచ్చేస్తుందిలే అనుకున్నాను. లేచి గట్టుదాకా పోయి ఒక్క కేక వేస్తే సరిపోయేది. వెయ్యలేదు."

ఆశీర్వాదం జోలె అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"మీరు నన్ను లేచి స్తోత్రం చెప్పమన్నారు. అయ్యగారు చెప్పారు కదా, చెబుదామనే లేచాను. నోరు తెరిచాక ఎవరికి చెప్పాలో తెలియలేదు. ప్రభువుకా, దానికా?"

ఆమె కోపంగా అనలేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. కుండ ఎత్తి జోలెలో వంచింది. "మూల కాస్త చిరిగినట్టుంది, చూసి మొయ్యండి," అని గడపదాకా వచ్చి పంపింది.

ఆయన జోలె తెచ్చి తబితమ్మగారి అరుగు మీద పెట్టిన చప్పుడు నాకు వినబడింది. నా చెవి కంతలోంచి అవతలికి పోయిందేమో అన్నంతగా పెట్టి విన్నాను. గేదెల్ని నిలబెట్టే ఆ గొంతు ఎటు పోయిందో.

"ఎసరు పెట్టు," అంది తబితమ్మగారు.

పెట్టాడు. ఆ జోలెలోంచే బియ్యం తీసి కడిగి పోశాడు. అన్నం ఉడికాక ఆవిడ పళ్ళెంలో వడ్డించి ఆయన ముందు పెట్టింది. ఆయన చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు. కలపలేదు.

"మీకు తెలుసు," అన్నాడు.

"పాలెం అందరికీ తెలుసు."

"నాకెవరూ చెప్పలేదు."

"నువ్వు ఎవర్నీ అడగలేదు."

పళ్ళెంలోంచి ఆవిరి లేస్తోంది. ఆయన దాన్నే చూస్తున్నాడు.

"ఆ పిల్ల పిడికెడు కూడా ఇందులోనే ఉందమ్మా."

"ఉంది. నువ్వొచ్చిన దగ్గర్నుంచీ తింటున్నావు. తిను."

తిన్నాడు. ఇలాంటివి చెప్పేటప్పుడు కుండ నిండా కన్నీళ్ళు కార్చాడని చెప్పడం నాకు అలవాటు. ఆ రోజు ఆయన ఏడవలేదు. కూర వేసుకోకుండా, ఒక్కో ముద్దా నములుతూ, ఒక్క మెతుకు కూడా వదలకుండా తిన్నాడు. పళ్ళెం కడిగి బోర్లించాడు.

"వెళ్ళి ఆమె కాళ్ళు పట్టుకుంటానమ్మా. క్షమించమని అడుగుతాను."

"అడుగుతావు. ఆమె 'పర్లేదయ్యా' అనాలి. నువ్వు తేలికపడి ఇంటికి రావాలి. మళ్ళీ ఆమెకే ఒక పని చెప్తున్నావు నాయనా."



"అన్న మాట వెనక్కి తీసుకోలేనా అమ్మా?"

తబితమ్మగారు నల్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. ఆవిడ కన్ను ఇంకా ఎర్రగానే ఉంది. అద్దాలు మళ్ళీ పెట్టుకుని, వేరే సంగతి మాట్లాడుతున్నట్టు అంది:

"రాహేలమ్మకి మళ్ళీ జ్వరం తగిలేట్టుంది. నిన్నే ఒళ్ళు వెచ్చగా ఉంది. సోమవారం చివరి మళ్ళు నాటుతున్నారు. ఆమె ఇంట్లో బదులు పంపడానికి ఇంకెవరూ లేరు."

సోమవారం పొద్దున నాట్ల ముఠా ఆడవాళ్ళం గట్టు దిగేసరికి ఆశీర్వాదం అక్కడ నిలబడి ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచాడు. ఆ కాళ్ళు చూసి ఒక కొంగ తన కాళ్ళ గురించి గర్వపడింది. నేను నా కళ్ళతో చూశాను.

మా ముఠా మేస్త్రి దేవకృప నడుం మీద చేతులు వేసుకుంది. "ఏంటయ్యా, చేలో ప్రసంగమా? మాకు తీరికలేదు."

"పనికొచ్చానమ్మా. రాహేలమ్మగారి చోట్లో."

నవ్వబోయినవాళ్ళం ఆగిపోయాం. దేవకృప ఆయన్ని కాసేపు చూసింది. తర్వాత ఒక నారు కట్ట ఆయన చేతిలో పెట్టి, "వరస తప్పితే అయ్యగారని చూడను," అంది.

వరస తప్పకపోవడమేంటి. ఆయన నాటిన వరస మా కాలవకన్నా ఎక్కువ మలుపులు తిరిగింది. బురదలో ఒక కాలు దిగబడితే దాన్ని తియ్యడానికి మేమంతా తాడు కట్టి లాగాలేమో అనుకున్నాం. నాటిన నారు నాటినట్టే తేలిపోయి ఆయన వెనకాలే ఈదుకుంటూ వచ్చింది.

"అయ్యగారూ, వేళ్ళు పైకి పెట్టి నాటుతున్నారు," అన్నాను నేను. "పంట పరలోకంలో కోసుకోవాలా?"

ఆడవాళ్ళందరూ విరగబడి నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నవ్వి, నడుం పట్టుకుని నిలబడి, మెల్లగా అడిగాడు.

"సలోమి ఎక్కడ..."

నేను పక్క మడి చూపించాను.

నాట్లు మొదలైన రోజుల్లో నాటిన మడి అది. పైరు అప్పటికే మోకాలెత్తు లేచింది. మిగతా వరసల్లో ఉన్నట్టే ఆ పిల్ల వరసలో కూడా పచ్చగా ఉంది. ఒక చోట వరస ఆగిపోతుంది. అక్కడినుంచి మర్నాడు వేరేవాళ్ళు నాటారు, కొంచెం పొట్టిగా ఉంటుంది. అంతే తేడా. తెలిసినవాళ్ళకే కనబడుతుంది.

ఆయన నారు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. దేవకృప కూడా కసరలేదు.

మధ్యాహ్నం దాటాక దక్షిణం నుంచి మబ్బు లేచింది. మేం చూశాం. చూసి, ఈ మడి అయిపోతే పోదామనుకున్నాం. చివరి మడి, చివరి వరసలు. సలోమి పోయిన రోజు కూడా మేం సరిగ్గా అలాగే అనుకున్నాం. అయినా వంగిన నడుములు లేవలేదు. కూలి పని మనిషిని అలా చేస్తుంది.

అప్పుడు చర్చి గంట మోగింది.

మా చర్చి గంటంటే గంట కాదు. వేపకొమ్మకి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఇనప కడ్డీతో కొడతారు. ఆదివారం మోగుతుంది, ఎవరైనా పోతే మోగుతుంది. సోమవారం మధ్యాహ్నం మోగదు. పైగా ఆదివారం మోగినట్టు నింపాదిగా లేదు. పిచ్చెత్తినట్టు, ఆగకుండా, ఒకదాని మీద ఒకటి పడుతూ మోగుతోంది.

"ఎవరో పోయారే!" అంది దేవకృప.

నారు కట్టలు ఎక్కడివక్కడ వదిలేసి గట్టెక్కి పరిగెత్తాం. నేను ఆ పరుగులో చెరువు గట్టూ పంటకాలవా ఒకే అంగలో దాటాను. ఆశీర్వాదం రెండుసార్లు పడి లేచాడు.

చర్చి ముందు రాహేలమ్మ.

జ్వరంతో మొహం ఎర్రగా కాలిపోతోంది. దుప్పటి భుజం మీంచి జారి నేల మీద పడి ఉంది. కడ్డీ రెండు చేతులా పట్టుకుని ఆ పట్టాని కొడుతోంది. కొడుతూ వచ్చేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది. దేవకృపని చూసింది. నన్ను చూసింది. ఇంకా కొడుతూనే ఉంది. అందరికంటే వెనక, నడుందాకా బురదతో ఆశీర్వాదం వచ్చాడు.

ఆమె చేతులు ఆగాయి.

"మీరెందుకు పోయారయ్యా?"

"మీ..." అన్నాడు ఆయన. ఆ తర్వాత మాట ఆయన నోట్లోంచి రాలేదు. ఏ ఊరు వెళ్ళినా చర్చి అదిరేలా చెప్పే మాట అది.

"నా బదులు ఇంకెవరూ పోవద్దు," అంది రాహేలమ్మ. "పోవద్దయ్యా. ఒక్కరు చాలు నాకు."

తర్వాత మా వైపు తిరిగింది. "అందరూ వచ్చారా? ఎవరన్నా మిగిలారా అక్కడ?"

"అందరం వచ్చాం రాహేలూ," అంది దేవకృప. "అందరం."

కడ్డీ కింద పడింది. రాహేలమ్మ చర్చి మెట్టు మీద కూలబడింది. ఆ ఆదివారం తర్వాత ఆమె ఆ మెట్టు తాకడం అదే మొదటిసారి. అక్కడ తబితమ్మగారు ముందే కూర్చుని ఉంది, నల్లద్దాలతో, ఏమీ చూడనట్టు. రాహేలమ్మ ఆవిడ ఒళ్ళో మొహం పెట్టి ఏడ్చింది. కూతురిని మట్టిలో పెట్టిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు.

ఇప్పుడు నేను పిడుగు పడిందని చెప్పాలి. మేం వదిలేసి వచ్చిన మడిలోనే, మేం నిలబడ్డ చోటే పడిందని, నారు కట్టలు బూడిదైపోయాయని చెప్తే వినేవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. నాకూ ఎంత ఆశగా ఉందో చెప్పలేను. కానీ పడలేదు. చాలాసేపు ఎక్కడా పిడుగు పడలేదు. మబ్బు అలా నల్లగా తల మీద వేలాడుతూ, ఉరుముతూ ఉండిపోయింది.

ఆశీర్వాదం మెట్ల కింద నిలబడ్డాడు. ఎదురుగా చర్చి. చుట్టూ పాలెం మొత్తం. పైన ఉరుములు. ఏ బోధకుడికైనా ఇంతకన్నా మంచి సమయం దొరుకుతుందా? అందరం ఆయన నోటి వైపే చూశాం. అయ్యగారు కదా, ఏదో ఒకటి చెప్తారని.

ఆయన వంగి, తబితమ్మగారికి మాత్రమే వినబడేట్టు అడిగాడు. నేను పక్కనే ఉన్నాను గనక నాకూ వినబడింది. నా చెవులకి దడి ఉన్నా లేకపోయినా ఒకటే.

"అమ్మా, దేవుడు ఆ పిల్లని ఎందుకు తీసుకున్నాడు?"

తబితమ్మగారి చెయ్యి రాహేలమ్మ వీపు మీద ఉంది. ఆ చెయ్యి ఆపలేదు.

"నాకూ చెప్పలేదు నాయనా," అంది. "కాలవ అవతల ఇంకో ముఠా ఉంది. గంట ఆగిపోయింది, చూడు."

ఆయన కింద పడ్డ కడ్డీ తీసుకున్నాడు. బురద చేతులతో, తడుముకుంటూ, ఒక దెబ్బ వేశాడు. ఇంకోటి వేశాడు.

"గట్టిగా అయ్యా," అంది రాహేలమ్మ, తబితమ్మగారి ఒళ్ళోంచి తల ఎత్తకుండానే. "అవతలి గట్టుదాకా వినబడాలి."